ముదిరినవారికే ఆపరేషన్ అనే భ్రమ

ఎంఫిసీమా రోగి ఉన్న ఇంట్లో ఒక మాట తరచూ వినబడుతుంది. "ముందు మందులు వాడనీ, పఫ్‌లు పీల్చనీ. దేనికీ లొంగకపోతే అప్పుడు చూద్దాం ఆపరేషన్ సంగతి." ఈ మాట అనేది ఇంట్లోవాళ్లే అనుకోకండి. చదువుకున్న బంధువులూ అంటారు, పరామర్శకు వచ్చిన స్నేహితులూ అంటారు, తొందరలో ఉన్న వైద్యులు కొందరూ అంటారు. రోగం ముదిరేకొద్దీ ఆపరేషన్ అవసరం పెరుగుతుందని, బాగా ముదిరినవాడే దానికి తగినవాడని అందరూ నిశ్చయించేసుకున్నారు. వినడానికి ఇది ఎంతో న్యాయంగా ఉంటుంది. కానీ ఊపిరితిత్తుల పరిమాణం తగ్గించే శస్త్రచికిత్స విషయంలో ఇది తప్పు, ప్రాణాలు తీసిన తప్పు. దీన్ని నమ్మి కత్తి పట్టినచోట మనుషులు నెల తిరక్కుండా పోయారు. దీన్ని నమ్మి ఆగినచోట మరికొన్నేళ్లు బతకదగినవాళ్లు ఆ అవకాశం ఉందని తెలియకుండానే పోయారు. రెండింటికీ సాక్ష్యం ఉంది. మీ ముందు పెడతాను, తీర్పు మీరే చెప్పండి.

ముందు ఆ ఆపరేషన్ ఏం చేస్తుందో తెలియాలి. అది తెలుసుకోకుండానే ఎవరికి చేయాలో చెప్పేసే తొందర మనలో చాలామందికి ఉంది. ఎంఫిసీమాలో ఊపిరితిత్తిలోని గాలిగదుల మధ్య గోడలు శిథిలమైపోతాయి. వేల చిన్న గదులు కలిసి పెద్ద ఖాళీలవుతాయి. సాగి మళ్లీ ముడుచుకునే సహజ గుణం పోతుంది. సన్నని గాలిగొట్టాలను చుట్టూ లాగిపట్టి తెరిచి ఉంచే కణజాలం పోయాక, ఊపిరి వదిలేటప్పుడు అవి మూసుకుపోతాయి. పీల్చిన గాలి బయటికి రాదు. లోపలే చిక్కుకుంటుంది, దాని మీద మరింత గాలి చేరుతుంది. ఛాతీ ఉబ్బుతుంది. గుమ్మటం ఆకారంలో పైకి లేచి ఉండాల్సిన డయాఫ్రం కిందికి నెట్టుకుపోయి చదునైపోతుంది. అప్పటికే కిందికి దిగిపోయిన కండరం ఇంకెక్కడికి దిగుతుంది? అందుకే ఆ మనిషి మంచం అంచున కూర్చుని, మోకాళ్ల మీద చేతులు ఆనించి, మెడ నరాలు బిగదీసి, పెదవులు సగం మూసి ఊపిరి వదులుతుంటాడు. ఆయన కష్టం గాలి లోపలికి వెళ్లకపోవడం వల్ల వచ్చింది కాదు. కొత్త గాలికి లోపల చోటు లేకపోవడం వల్ల వచ్చింది.

కిక్కిరిసిన బస్సులో టికెట్ లేకుండా మూడు సీట్ల మీద పడుకున్నవాడి లాంటిది పూర్తిగా పాడైన భాగం. దానితో పని జరగదు, పనిచేసే భాగాన్ని అది ఊపిరి తీసుకోనివ్వదు. సర్జన్ చేసేది దాన్ని లేపడమే. రెండువైపులా ఒక్కో ఊపిరితిత్తిలో సుమారు నాలుగో వంతు నుంచి మూడో వంతు దాకా స్టేప్లర్‌తో కోసి తీసేస్తాడు. మిగిలినది విప్పుకుంటుంది, గాలిగొట్టాలు మళ్లీ బిగువుగా తెరుచుకుంటాయి, డయాఫ్రం తన ఆకారానికి కొంత తిరిగి వస్తుంది. ఊపిరితిత్తి తగ్గిస్తే ఊపిరి పెరగడమేమిటని ఆశ్చర్యపోయేవాళ్లకు జవాబు ఇదే.

ఇప్పుడు ఆలోచించండి. ఈ లెక్క కుదరాలంటే రెండు ఉండాలి. తీసేయడానికి స్పష్టంగా పాడైన భాగం ఒకటి. తీసేశాక విప్పుకోవడానికి పనికొచ్చే భాగం ఒకటి. రోగం ఊపిరితిత్తి అంతటా సమానంగా పరుచుకుని ఉంటే సర్జన్ ఏం తీయాలి? ఎక్కడ కోసినా, కోసిన ముక్కా మిగిలిన ముక్కా ఒకటే. అక్కడ ఆయన తీసింది భారాన్ని కాదు, రోగికి మిగిలి ఉన్న కొద్దిపాటి ఊపిరినే. రోగం ఎంత ముదిరిందన్న ప్రశ్న ఒక్కటే అడిగేవాళ్లు ఇది ఎప్పుడూ అడగరు. ముదరడం వేరు, ఒకచోట ముదరడం వేరు. ఈ ఆపరేషన్ రెండోదానికి చేసేది.

సీటీ స్కాన్ ఫిల్ములు వెలుతురుకు ఎదురుగా పెట్టి చూడండి. మెడ కింది నుంచి పొట్ట దాకా అడ్డంగా తీసిన పొరలు వరసగా ఉంటాయి. ఒక రోగి ఫిల్ములో పై పొరలన్నీ నల్లగా ఉంటాయి. చుట్టూ గోడ లేని నల్లటి చిల్లులు, వాటి మధ్య వెంట్రుకల్లా సాగిపోయిన ఒకటి రెండు రక్తనాళాలు. గుండె కనబడే పొరలకు వచ్చేసరికి నలుపు పలచబడుతుంది. డయాఫ్రం దగ్గరికి దిగేసరికి బూడిద రంగు తిరిగి వస్తుంది, రక్తనాళాలు కొమ్మలు కొమ్మలుగా విడిపోతూ అంచుదాకా పోతుంటాయి. రెండో రోగి ఫిల్ములో పైనుంచి కిందిదాకా ఏ పొర చూసినా అదే నలుపు. ఇద్దరికీ ఊదే పరీక్షలో, అంటే స్పైరోమెట్రీలో, ఒకే అంకె వచ్చిందనుకోండి. ఆ అంకె చూసి ఇద్దరినీ ఒకే గాటన కట్టేవాడికి ఈ ఫిల్ములు చూసే ఓపిక లేదని అర్థం. మొదటి మనిషికి ఆ ఆపరేషన్ వరం కావచ్చు. రెండో మనిషి దాని జోలికి పోకూడదు.

ఇది ఊహ కాదు. అమెరికాలో జాతీయ స్థాయిలో జరిగిన నెట్ అనే ఎంఫిసీమా చికిత్సా పరీక్ష దీన్ని లెక్కలతో తేల్చింది. 17 ఆసుపత్రులు పాల్గొన్నాయి. రోగులను 1998 నుంచి 2002 దాకా చేర్చుకున్నారు. కొందరికి ఆపరేషన్, కొందరికి మందులూ వ్యాయామ శిక్షణే, ఎవరికి ఏదన్నది యాదృచ్ఛికంగా నిర్ణయించారు. మధ్యలోనే, 2001లో, పరీక్షను పర్యవేక్షిస్తున్న సంఘం ఒక రకం రోగులను ఇక చేర్చుకోవద్దని ఆపేసింది. ఎవరు వాళ్లు? ఒక్క సెకనులో ఊదగలిగే గాలి ఉండాల్సినదానిలో 20 శాతానికి మించనివాళ్లు, దానికి తోడు రోగం అంతటా సమానంగా పరుచుకున్నదో, లేదా గాలి నుంచి రక్తంలోకి వాయువు దాటే సామర్థ్యం 20 శాతానికి మించనిదో అయినవాళ్లు. అంటే మన ప్రజాభిప్రాయం ప్రకారం ఆపరేషన్ అవసరం అందరికన్నా ఎక్కువ ఉన్నవాళ్లు. వాళ్లలో 69 మందికి ఆపరేషన్ చేస్తే 30 రోజుల్లో 16 శాతం మంది చనిపోయారు. మందుల మీద ఉంచిన 70 మందిలో ఆ 30 రోజుల్లో ఒక్కరూ చనిపోలేదు. మొత్తం కాలం మీద చూసినా ఆపరేషన్ జరిగిన వాళ్లలో మరణాల వేగం 3.9 రెట్లు. బతికి బయటపడ్డవాళ్లకు నడకలో, ఊదడంలో స్వల్పంగా మెరుగుదల వచ్చింది. జీవన నాణ్యత మాత్రం మందులు వాడినవాళ్లతో సమానంగానే ఉండిపోయింది. మిగిలినవన్నీ విఫలమైన రోగికి చివరి దారి అంటూ ఈ మనుషులనే కదా మనం బల్ల మీదికి ఎక్కించమంటున్నది?

"పోయేదేముంది, ఎలాగూ పోయే ప్రాణమే కదా" అంటారు. ఈ మాట ఎన్ని ఇళ్లలో విన్నామో! పోయేది ఉంది. ఆ 30 రోజుల్లో ఆ 70 మందికి పోనిది ఆ 69 మందిలో కొందరికి పోయింది. మందులూ ఆక్సిజన్‌తో ఇంట్లో ఉండగలిగిన నెలలు పోయాయి. ఊపిరితిత్తి మార్పిడికి తగినవాళ్లుంటే, దాని గురించి ఆలోచించే అవకాశమూ పోయింది. చావుకు దగ్గరగా ఉన్నవాడి మీద ఏ ప్రయోగమైనా చేయవచ్చనే ఈ ధైర్యం ఎవరిది? ఆ ప్రాణం తమది కాని వాళ్లదే.

ఈ తప్పు కొత్తది కాదు. 1950లలో బాల్టిమోర్‌లో, మేరీల్యాండ్ విశ్వవిద్యాలయంలో ఆటో బ్రాంటిగన్ అనే సర్జన్ ఈ ఆపరేషన్ మొదలుపెట్టాడు. ఆలోచన సరైనదే. గాలిగొట్టాలను తెరిచి ఉంచే బిగువు తిరిగి తేవాలని ఆయన అప్పుడే గ్రహించాడు. కానీ ఎవరికి పనికొస్తుందో తేల్చే సీటీ స్కాన్ అప్పటికి లేదు, మెరుగుదలను నిక్కచ్చిగా కొలిచి చూపలేదు, సుమారు ఆరుగురిలో ఒకరు చనిపోయారు. ఆపరేషన్ మూలనపడింది. 1993లో సెయింట్ లూయిస్‌లో జోయెల్ కూపర్ దాన్ని మళ్లీ బయటికి తీశాడు. 1995లో ఆయన ప్రకటించిన మొదటి 20 మందిలో ఒక్కరూ చనిపోలేదు, ఒక్క సెకనులో ఊదే గాలి సగటున 82 శాతం పెరిగింది. ఆ ఫలితం వెనక ఉన్నదేమిటి? చేతి నైపుణ్యం సరే, దానికి ముందు ఎంపిక. ఛాతీ బాగా ఉబ్బి, తీసేయదగిన భాగం స్పష్టంగా ఉన్నవాళ్లనే ఆయన ఏరుకున్నాడు.

లోకం ఏం చూసింది? 82 శాతం చూసింది. ఏరివేతను చూడలేదు. అమెరికా అంతటా ఆపరేషన్లు మొదలయ్యాయి. అనుభవం ఉన్నచోట, లేనిచోట, తగినవాళ్లకు, తగనివాళ్లకు. వృద్ధుల వైద్యానికి డబ్బు చెల్లించే ప్రభుత్వ బీమా మెడికేర్ తన బిల్లులు చూసుకుని కంగారుపడి 1996లో చెల్లింపులు ఆపేసింది. పత్రికల్లో వచ్చిన ఫలితాలకూ బిల్లుల్లో కనబడ్డ మరణాలకూ పొంతన లేదు. ఆపరేషన్ ఒకటే, రోగులు వేరు. ఆ గందరగోళంలోంచే నెట్ పరీక్ష పుట్టింది. ఆ పరీక్షలోనూ పరిశీలించినవాళ్లు 3,777 మంది, చివరికి రెండు బృందాలుగా విభజించినవాళ్లు 1,218 మందే. మూడింట రెండు వంతుల మంది గుమ్మం దాటలేదు.

ఇక ఈ భ్రమకు ఒక చదువుకున్న తమ్ముడున్నాడు. వాడు మరింత ప్రమాదకారి, ఎందుకంటే పేపర్ చదివి మాట్లాడతాడు. "2003లో ఫలితాలొచ్చాయి కదా, మొత్తం మీద మరణాల్లో తేడా లేదని తేలింది కదా, ఇక ఈ ఆపరేషన్ ఎందుకు?" అంటాడు. నిజమే, మొత్తం మీద రెండు బృందాల్లోనూ మరణాల రేటు ఏడాదికి నూటికి 11 చొప్పునే ఉంది. అక్కడే పుస్తకం మూసేశాడు. పక్క పట్టిక చూడలేదు. ఆ సగటు కింద ఏముందో చూడండి.

ప్రమాదం ఎక్కువని ముందే తేలినవాళ్లను పక్కన పెడితే మిగిలింది 1,078 మంది. వాళ్లను రెండు ప్రశ్నలతో విడదీశారు: రోగం పై లోబ్‌లలో, అంటే ఊపిరితిత్తి పై భాగాల్లో, ఎక్కువా, కాదా? సైకిల్ తొక్కే శక్తి తక్కువా, ఎక్కువా? పై లోబ్‌లలో రోగం, తక్కువ శక్తి ఉన్న 290 మందిలో ఆపరేషన్ చేయించుకున్నవాళ్లకు మరణ ప్రమాదం మందులవాళ్లలో సగానికన్నా తక్కువ, 0.47. వాళ్లలో 30 శాతం మందికి రెండేళ్ల తర్వాత వ్యాయామ సామర్థ్యం చెప్పుకోదగ్గంత పెరిగింది. మందుల బృందంలో ఒక్కరికీ పెరగలేదు. పై లోబ్‌లలోనే రోగం ఉండి తొక్కే శక్తి ఎక్కువగా ఉన్నవాళ్లకు ఆయుష్షులో తేడా రాలేదు గానీ వ్యాయామంలో, రోజువారీ బతుకులో మెరుగుదల వచ్చింది. పై లోబ్‌లలో కాక మరోచోట రోగం ఉండి, శక్తి తక్కువగా ఉన్నవాళ్లకు జీవన నాణ్యతలో కొంత మెరుగుదల, ఆయుష్షులో ఏమీ లేదు. పై లోబ్‌లలో లేకుండా శక్తి ఎక్కువ ఉన్న 220 మందికి ఆపరేషన్ చేస్తే మరణ ప్రమాదం రెట్టింపుకు పైగా, 2.06. ఒకే ఆపరేషన్, ఒకే పరీక్ష, ఒకరికి ప్రాణం పోసింది, ఒకరికి తీసింది. రెండింటినీ కలిపి సగటు తీసి "తేడా లేదు" అనడం తీర్పా? పంటలో సగం ఎండి, సగం మునిగినప్పుడు నీళ్లు సరిపోయాయని రాసే అధికారిని మీరు ఒప్పుకుంటారా?

ఇక్కడ ఒక గట్టి ప్రశ్న వస్తుంది, తప్పించుకుని పోను. "శక్తి తక్కువ ఉన్నవాళ్లకే మేలు జరిగింది కదా? అంటే నీరసించినవాడికే ఆపరేషన్ అన్న మా మాటే నిజమైంది కదా?" కాలేదు. నీరసాలు రెండు రకాలు. ఈ పరీక్షలో తొక్కే శక్తిని ఎలా కొలిచారో చూస్తే అది తెలిసిపోతుంది. రోగిని స్థిరమైన సైకిల్ మీద కూర్చోబెట్టి, 30 శాతం ఆక్సిజన్ ఇస్తూ, మొదట మూడు నిమిషాలు బరువు లేకుండా తొక్కించారు. తర్వాత నిమిషానికి 5 లేదా 10 వాట్ల చొప్పున బరువు పెంచారు. ఇక తొక్కలేనన్న చోట ఆపారు. ఆడవాళ్లలో 25 వాట్లు, మగవాళ్లలో 40 వాట్లు దాటనివాళ్లు తక్కువ శక్తి లెక్కలోకి వచ్చారు. ఈ కొలత ఎప్పుడు తీశారు? ఆరు నుంచి పది వారాలు వ్యాయామ శిక్షణ పూర్తయ్యాక. అంటే కూర్చుని కూర్చుని కాళ్లు చచ్చుబడ్డ నీరసం అప్పటికే వదిలింది. మిగిలింది ఛాతీలో చోటు లేక వచ్చిన అశక్తత. పై లోబ్‌లలోని పనికిరాని భాగం తీసేస్తే తీరేది సరిగ్గా అదే. రక్తంలోకి వాయువు దాటే సామర్థ్యమే 20 శాతానికి పడిపోయిన మనిషి నీరసం అలాంటిది కాదు. ఆయనకు అడ్డం తొలగిస్తే విప్పుకోవడానికి పనికొచ్చే ఊపిరితిత్తే మిగల్లేదు. ఇద్దరూ మెట్టు ఎక్కలేరు. ఒకరికి ఆపరేషన్ ఉంది, ఒకరికి లేదు. "బాగా నీరసించాడు" అనే ఒక్క మాటతో ఇద్దరినీ ఒకచోటికి పంపేవాడు వైద్యం చేయడం లేదు.

"బృందాలుగా విడగొట్టి చూస్తే ఏదో ఒకచోట తేడా కనబడక మానదు, అది గణాంకాల గారడీ" అని ఇంకొకరు అంటారు. చాలా పరీక్షల విషయంలో ఈ అనుమానం సరైనదే, నేనూ పడతాను. ఇక్కడ నిలవదు. రోగం ఎక్కడుందన్నది ఫలితాలు చూశాక వెతికిపట్టిన సంగతి కాదు, పరీక్ష మొదలు కాకముందే చూడాలనుకున్నది. శరీరధర్మం కూడా అదే చెబుతోంది. పైగా 2006లో ఇదే రోగులను మరింత కాలం వెంబడించి చూసినప్పుడు ఆ తేడా ఆవిరైపోలేదు. పై లోబ్, తక్కువ శక్తి ఉన్నవాళ్లలో ఐదేళ్ల మరణ ప్రమాదం మందులవాళ్లతో పోలిస్తే 0.67 దగ్గర నిలిచింది. మొత్తం 1,218 మందిని కలిపి చూసినా అప్పటికి ఆపరేషన్ వైపే మొగ్గు కనబడింది, 0.86. తేడా లేదని చెప్పేవాళ్లు 2003 దగ్గరే ఎందుకు ఆగిపోయారు?

ఆపరేషన్ తేలికని నేను చెప్పడం లేదు. తేలికని చెప్పేవాడు రోగికి మరో రకం శత్రువు. ప్రమాదం ఎక్కువున్నవాళ్లను తీసేశాక కూడా 90 రోజుల్లో ఆపరేషన్ బృందంలో 5.2 శాతం మంది చనిపోయారు, మందుల బృందంలో 1.5 శాతం. నూటికి 90 మందికి కోసిన చోటి నుంచి గాలి లీకయింది. ఆ లీకు సగం మందికి వారం దాటి సాగింది, కొందరికి నెల దాటినా ఆగలేదు. పక్కటెముకల మధ్య ట్యూబు, దాని చివర మంచం పక్కన నీళ్ల సీసా, ఊపిరి వదిలినప్పుడల్లా అందులో బుడగలు. ఆ బుడగలు ఎప్పుడు ఆగుతాయా అని రోజులు లెక్కపెట్టుకునే మనిషికి అది ఏ ధర చెల్లించి కొనుక్కుంటున్నాడో ముందే తెలియాలి. ఆ ధర చెల్లించాల్సిందే అయితే తిరిగి వచ్చేది ఉన్నవాడి చేతే చెల్లించాలి. ఎంపిక అంత గట్టిగా ఉండాలనడానికి ఇంతకన్నా కారణం కావాలా?

మన దగ్గరికి వస్తే ఈ భ్రమ ఇంకా రెండు ముసుగులు వేసుకుంటుంది. ఆంధ్ర, తెలంగాణల్లో ఊపిరితిత్తుల రోగి అంటే బీడీ, సిగరెట్ తాగిన మగవాడే కాదు. ఏళ్ల తరబడి కట్టెల పొయ్యి ముందు కూర్చున్న ఆడవాళ్లు కూడా. వాళ్లకూ సీఓపీడీ (ఊపిరి అడ్డుపడే దీర్ఘకాల రోగం) అనే పేరే రాస్తారు, వాళ్ల ఊదే పరీక్షా పడిపోతుంది. కానీ పొయ్యి పొగ రోగుల్లో ఎంఫిసీమా తక్కువ, గాలిగొట్టాలు మందమై ఇరుకైపోవడం ఎక్కువని మెక్సికోలో కట్టెల పొయ్యి వాడిన ఆడవాళ్ల మీద జరిగిన అధ్యయనాలు చూపాయి. ఉబ్బిన ఖాళీలే లేనిచోట తీసేయడానికి ఏముంది? ఆయాసం ఎంత ఉన్నా, ఆ తల్లికి ఈ ఆపరేషన్‌తో పనిలేదు. ఆవిడకు కావలసింది పొగలేని పొయ్యి, సరైన ఇన్‌హేలర్, దాన్ని సరిగ్గా పీల్చడం నేర్పే మనిషి.

రెండో ముసుగు క్షయ. క్షయ కూడా ఎక్కువగా ఊపిరితిత్తి పై భాగాన్నే పట్టుకుంటుంది. ఎన్నో ఏళ్ల కిందట తగ్గిపోయిన టీబీ మచ్చలు, ముడతలు, వెడల్పైన గాలిగొట్టాలు పై లోబ్‌లోనే ఉంటాయి. "రోగం పైనే ఉంది, కాబట్టి ఆపరేషన్‌కు తగినవాడు" అని సగం చదివినవాడు అనేస్తాడు. ఆ ఊపిరితిత్తి ఛాతీ గోడకు అతుక్కుపోయి ఉంటుంది. దాన్ని విడదీయబోతే చిరుగుతుంది, లీకు ఆగదు. ఊపిరితిత్తి పొరల రోగం, గాలిగొట్టాలు ఉబ్బిన రోగం ఉన్నవాళ్లను నెట్ పరీక్ష ముందే పక్కన పెట్టింది. పై భాగంలో ఉండడం చాలదు, అక్కడ ఉన్నది ఎంఫిసీమా అయి ఉండాలి. ఆల్ఫా-1 యాంటీట్రిప్సిన్ లోపంతో వచ్చే ఎంఫిసీమా దీనికి తలకిందులు. అది సాధారణంగా కింది లోబ్‌లను పడుతుంది, ఆపరేషన్ మేలూ అక్కడ తక్కువ, తొందరగా కరిగిపోతుంది. చిన్న వయసులోనే ఎంఫిసీమా వచ్చినవాళ్లలో ఆ లోపాన్ని పట్టే ఒక్క రక్త పరీక్ష ఎందుకు చేయించరు?

"ఇంకా అంత ముదరలేదు, ఆగుదాం" అన్న మాట దగ్గరికి తిరిగి వస్తాను, ఎందుకంటే ఎక్కువమందిని దెబ్బతీసేది అదే. పై లోబ్‌లలో రోగం, ఉబ్బిన ఛాతీ, ఊదే పరీక్షలో 30 శాతం, శిక్షణ తర్వాత కూడా తక్కువగానే ఉన్న తొక్కే శక్తి. ఈ మనిషి ఈ రోజు సర్జన్‌ను చూడాలి. ఆయన్ని ఆపి, ఏడాదికోసారి ఇన్‌హేలర్ మార్చి, ఊదే పరీక్ష 18కి, వాయువు దాటే సామర్థ్యం కూడా అంతకే దిగాక "ఇక ఆపరేషన్ తప్ప దారి లేదు" అని పంపితే, సరిగ్గా తగినవాడిని సరిగ్గా తగనివాడిగా తయారుచేసి పంపినట్టు. ఆగడం ఇక్కడ జాగ్రత్త కాదు. దారి మూసే పని.

మరో పక్క, తొందరపడేవాళ్లు వ్యాయామ శిక్షణను కాగితం మీద టిక్కుగా చూస్తారు. "మా నాన్నకు నడవడానికే ఓపిక లేదు, ఇంకా వ్యాయామమా? నేరుగా ఆపరేషన్ చేయండి" అని కొడుకులు అడుగుతారు. ప్రేమతోనే అడుగుతారు, ఒప్పుకుంటాను. కానీ శిక్షణ లేకుండా ఆయన అశక్తతలో ఎంత కాళ్లది, ఎంత ఛాతీది అన్నది ఎవరికి తెలుస్తుంది? ఆరు నిమిషాల్లో 140 మీటర్లు నడవలేనివాళ్లను నెట్ పరీక్ష తీసుకోనే లేదు. పొగ మాని నాలుగు నెలలు కానివాళ్లనూ తీసుకోలేదు, మానేశామన్న మాట మీద వదిలేయకుండా రక్తంలో నికోటిన్ జాడ చెప్పే కొటినిన్ చూశారు. రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పీడనం 60 దాటినవాళ్లనూ తీసుకోలేదు. ఊపిరి పూర్తిగా వదిలాక లోపల మిగిలే గాలి, ఉండాల్సినదానికి కనీసం ఒకటిన్నర రెట్లు ఉండాలన్నారు. ఈ షరతుల్లో ఒక్కటీ రోగిని వేధించడానికి పెట్టింది కాదు. ఒక్కొక్కటి ఆపరేషన్ బల్ల మీద కాకుండా బయటే తేల్చవలసిన ప్రశ్న.

ఇప్పుడు కొత్త మాట ఒకటి వినబడుతోంది. "కోత లేకుండా వాల్వులు వచ్చాయి, బ్రాంకోస్కోప్‌తో వేసేస్తారు, ఇక ఈ ఎంపిక గొడవ ఎందుకు?" పాత తప్పు కొత్త చొక్కా వేసుకుంది. వాల్వు చేసేదీ అదే పని. పాడైన లోబ్‌లోకి గాలి వెళ్లనివ్వకుండా, ఉన్న గాలిని బయటికి వదులుతూ, ఆ లోబ్‌ను ముడుచుకునేలా చేస్తుంది. ఆ లోబ్‌కూ పక్క లోబ్‌కూ మధ్య గోడలో సందులుంటే గాలి దొంగదారిన లోపలికి వస్తూనే ఉంటుంది, లోబ్ ముడుచుకోదు, వాల్వు దండగ. అందుకే అది వేసేముందు ఆ గోడ పూర్తిగా ఉందో లేదో సీటీలో చూడాలి. చాలాచోట్ల బెలూన్ ఉన్న గొట్టంతో లోపలి గాలి ప్రవాహాన్నీ కొలుస్తారు. అలా ఏరిన రోగులతోనే 2018లో ప్రచురించిన లిబరేట్ పరీక్షలో కూడా వాల్వు వేసినవాళ్లలో నాలుగో వంతుకు పైగా ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరింది, అది అత్యవసరంగా చూడవలసిన పరిస్థితి. కోత లేనంత మాత్రాన ఎంపిక అక్కర్లేదని ఎవరు చెప్పారు?

వాల్వూ ఆపరేషన్‌లలో ఏది మేలో తేల్చడానికి బ్రిటన్‌లో ఐదు కేంద్రాల్లో 88 మందితో సెలెబ్ అనే పరీక్ష చేశారు. ఫలితాలు 2023లో వచ్చాయి. ఏడాది తర్వాత రెండింటి మధ్య గుర్తించదగ్గ తేడా కనబడలేదు. అందులో చేరిన ప్రతి మనిషికీ రెండు పద్ధతులూ తగునని, చేర్చుకోకముందే వైద్యులూ సర్జన్లూ కలిసి కూర్చుని సీటీ ఫిల్ములు చూసి నిర్ణయించారు.